డిక్షనరీతో తీరని కష్టం

యూనివర్సిటీలో చేరిన మొదటి సెమిస్టర్‌లో ఒక్క రీసెర్చ్ పేపర్ చదవడానికి నాకు మూడు రాత్రులు పట్టింది. తెలియని ప్రతి ఇంగ్లిష్ పదం కింద గీత గీసి, పైన అర్థం రాసుకున్నాను. చివరికి పదాలన్నీ తెలుసు, పేపర్ ఏం చెబుతోందో మాత్రం తెలియలేదు. నిజంగా ఏడుపొచ్చింది.

రీడింగ్ క్లాసులో పేరా చదివించి, కింది ప్రశ్నలకు జవాబులు రాయించేవారు. మాకు కావలసింది అది కాదు. ముందు సారాంశం, తర్వాత ముగింపు, అవసరమైతేనే పద్ధతుల భాగం చదవొచ్చని ఎవరైనా చెప్పుంటే ఎంత బాగుండేది! ‘హౌఎవర్’ దగ్గర వాదన మలుపు తిరుగుతుందని, ‘మే’, ‘సజెస్ట్’ లాంటి మాటలు రచయిత ఎంత గట్టిగా అంటున్నారో చెబుతాయని ఒక సీనియర్ అక్క చూపించింది. అదీ నా సబ్జెక్టు పేపర్‌లోనే. అరగంట పట్టిందంతే.

పదాలూ కావాలి, కాదనను. 2000లో భాషా పరిశోధకురాలు ఎవరిల్ కాక్స్‌హెడ్ ప్రచురించిన అకడమిక్ వర్డ్ లిస్ట్‌లో 570 పదకుటుంబాలున్నాయి, అంటే ఒకే మూలపదం నుంచి వచ్చిన మాటల గుంపులు. ఆర్ట్స్, కామర్స్, లా, సైన్స్ నాలుగింట్లోనూ అవి ఎదురవుతాయి. కానీ ఏ పదాన్ని వదిలేసి ముందుకెళ్లొచ్చో కూడా క్లాసులో నేర్పాలి.

ఇప్పుడు జూనియర్లెవరైనా పేపర్ పట్టుకుని బిక్కమొహంతో వస్తే, ముందు డిక్షనరీ పక్కన పెట్టించి ముగింపు పేజీ తెరిపిస్తున్నాను.