ఇదే మొదటిసారా?

ఒడిశా సముద్ర తీరంలోని గోపాల్‌పూర్‌లో మా చిన్నాన్నకు ఎనిమిది గదుల లాడ్జి ఉంది. డిగ్రీ అయ్యాక రెండేళ్లు కౌంటర్‌లో నేనే కూర్చున్నాను. ఎవరొచ్చినా ముందు అడగాల్సింది, ఇంతకుముందు ఇక్కడికి వచ్చారా లేదా అని. మర్యాదకు కాదు. మా సముద్రం కాళ్ల కింద ఇసుకతో సహా లోపలికి లాగుతుంది. కొత్తవాళ్లను మోకాళ్ల లోతు దాటొద్దని హెచ్చరించాలి.

ఒడియావాళ్లతో ఇబ్బంది లేదు, "ప్రథమ థర ఆసిఛంతి కి?" అంటే సరిపోతుంది. ఇంగ్లీషు దగ్గరే టెన్షన్. ఓ ఫిబ్రవరిలో రుషికుల్య నది సముద్రంలో కలిసే చోట తాబేళ్లు గుడ్లు పెడతాయని చూడ్డానికి ఒక విదేశీ పెద్దావిడ వచ్చింది. "డిడ్ యు కమ్ హియర్ ఫస్ట్?" అని అడిగాను. ఆవిడ బెంచీ మీదున్న కుటుంబాన్ని చూపించి, వాళ్లే నాకంటే ముందొచ్చారు అంటూ పక్కకు జరిగి నిలబడింది. నాకు చాలా బాధేసింది.

నేను "మీరు మొదటిసారి వచ్చారా" అన్న వాక్యాన్ని పట్టుకుని ఇంగ్లీషులోకి లాగాను. మనకే ఇంకో వాక్యం ఉంది కదా: "మీరు రావడం ఇదే మొదటిసారా?" ఇంగ్లీషు కూడా ఈ దారిలోనే నడుస్తుంది: "ఈజ్ దిస్ యువర్ ఫస్ట్ టైమ్ ఇన్ గోపాల్‌పూర్?" 'వచ్చారా' అన్న మాటే అక్కర్లేదు. టైమ్ బదులు విజిట్ అంటే మాత్రం 'ఇన్' పోయి 'టు' వస్తుంది: "ఫస్ట్ విజిట్ టు గోపాల్‌పూర్". చనువుంటే "ఫస్ట్ టైమ్ హియర్?" చాలు.

నాకు బాగా ఇష్టమైంది "హావ్ యు బీన్ హియర్ బిఫోర్?" పాతవాళ్లయితే మొహం విప్పారుతుంది, కబుర్లు మొదలవుతాయి. అప్పుడు "వెన్ డిడ్ యు ఫస్ట్ కమ్ హియర్?" అంటే మొదట ఏ ఏడాది వచ్చారో చెబుతారు. "హావ్ యు ఎవర్ బీన్ టు గోపాల్‌పూర్?" దగ్గర్లోని బరంపురం బస్టాండులో అడగొచ్చు, మా కౌంటర్‌లో కాదు. ఇక్కడ నిలబడ్డ మనిషిని ఎప్పుడైనా ఇక్కడికి వెళ్లారా అన్నట్టుంటుంది.

మన 'ఎన్నోసారి'కి మాత్రం ఇంగ్లీషులో ఒక్క మాట దొరకలేదు. "ఈజ్ దిస్ యువర్ సెకండ్ టైమ్, ఆర్ థర్డ్?" అని లెక్కపెట్టాల్సిందే. తాబేళ్ల కోసం వచ్చే ఒకాయన్ని అలా అడిగితే ఆరు వేళ్లు చూపించాడు. అయినా మోకాళ్ల లోతు మాట చెప్పే తాళం చెవి ఇచ్చాను.