16 కిలోల కెన్‌వుడ్

ఆదివారం, రాత్రి పదిన్నర.

ఈ రోజు చిత్తూరు వెళ్లి, 1970లలో జపానులో తయారైన కెన్‌వుడ్ టీఎస్-520ఎస్ హామ్ రేడియో సెట్టు ఒకటి కొని తెచ్చుకున్నాను. అది ఇప్పుడు మిద్దె మీది గదిలో నా బల్ల మీద ఉంది. వాల్వుల వేడికి దాని పైమూత రంధ్రాల్లోంచి వెచ్చటి గాలి వస్తోంది, దాంతోపాటే పాత రేడియోలకు ఉండే ఆ దుమ్ము కాలిన వాసన కూడా. చిన్నప్పుడు తాతయ్య గదిలో వార్తల వేళకు వచ్చిన వాసన ఇదే.

లైసెన్సు తీసుకుని సరదా కోసం రేడియోలో ఒకరితో ఒకరు మాట్లాడుకునే మాలాంటివారిని హామ్‌లు అంటారు. హామ్ రేడియోకు పాత సెట్టు కొనడం నాకిది రెండోసారి. మొదటిసారి మోసపోయాను. నాలుగేళ్ల క్రితం జనరల్ గ్రేడ్ పరీక్ష రాసి, నిమిషానికి 8 మాటల వేగంతో మోర్స్ వినడం, పంపడం రెండూ గట్టెక్కి, లైసెన్సు చేతికి వచ్చిన సంబరంలో, ఎవరో పంపిన ఫోటోలు చూసి డబ్బు కట్టేసి ఒక ట్రాన్సిస్టర్ సెట్టు తెప్పించుకున్నాను. ఫోటోలో అద్దంలా మెరిసిన ఆ సెట్టు 7 మెగాహెర్ట్జ్ మీద బాగానే పలికింది కానీ, 14కు మార్చేసరికి వాట్ మీటరు ముల్లు సున్నా దగ్గరి నుంచి కదలలేదు. మూత తీద్దామని చూస్తే మరలన్నిటి తలలూ అరిగిపోయి ఉన్నాయి. లోపల హామ్‌లకు కేటాయించని ఫ్రీక్వెన్సీలలో కూడా ప్రసారం చేయించడానికి ఎవరో తీగలు కత్తిరించి, అతికించి, మళ్లీ కత్తిరించిన గుర్తులు కనిపించాయి. అమ్మినవారు తర్వాత ఫోను ఎత్తలేదు. ఆ రోజే అనుకున్నాను, మళ్లీ పాత సెట్టు కొంటే అది ఉన్న ఇంటికి నేనే వెళ్లాలి, దాన్ని వాడినవారితో కూర్చుని మాట్లాడాలి, వారి ఏరియల్ మీదే విని చూడాలి అని.

చిత్తూరులో టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన తన సెట్లు అమ్ముతున్నారని మిత్రులు చెప్పారు. ఉదయం ఏడు గంటల బస్సుకు తిరుపతి నుంచి నేనూ, మా ఆయనా బయలుదేరాము. చంద్రగిరి దాటి గాదంకి వచ్చేసరికి నాకు అలవాటుగా కిటికీలోంచి ఆ వైపు చూడబుద్ధి అవుతుంది. అక్కడ జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేసే ఎంఎస్‌టీ రాడార్ ఉంది. 1024 యాగీ యాంటెన్నాలు ఒకే మైదానంలో బారులు తీరి, ఆకాశం వైపు ముఖం పెట్టి ఉంటాయి. ఒకసారి మా కాలేజీ పిల్లలను తీసుకుపోయి చూపించాను. గాలుల నుంచి, రేడియో తరంగాలను వంచి తిరిగి నేలకు పంపే పై పొర అయనావరణంలోని అలజడుల దాకా అక్కడి శాస్త్రవేత్తలు కొలుస్తారు. పొద్దుగుంకిన తర్వాత మన అక్షాంశాల మీద అయనావరణంలో బుడగలు లేచి కొన్ని సంకేతాలు గలగలా వణికిపోవడాన్ని వారు గ్రాఫుల్లో చూస్తే, నేను హెడ్‌ఫోనులో వింటాను. ఇంత దగ్గరలో అంత పెద్ద యాంటెన్నాల తోట ఉందన్న సంగతి మా ఊళ్లో చాలామందికి తెలియకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

పెద్దాయన ఇల్లు గ్రీమ్స్‌పేటలో. వాకిట్లో రెండు కొబ్బరిచెట్లు, వాటి నడుమ ఏరియల్ తీగ. వచ్చే నెల బెంగళూరులో కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నారట. "ఫ్లాటులో మిద్దె మీదికి పోనీరంట, ఏరియల్ కట్టుకోనీరంట. ఇంక ఇవి పెట్టుకొని ఏం చేసేదమ్మా?" అన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆయన సెట్టు వైపు కాకుండా తీగ వైపు చూశారు. గదిలో గోడకు చేత్తో పట్టుకునే ఒక యాగీ తగిలించి ఉంది. 2005 మే 5న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ-సీ6 మీద వెళ్లిన హామ్‌శాట్ ఉపగ్రహం ద్వారా ఆయన దానితోనే మాట్లాడేవారట. బరువు 42.5 కిలోలే ఉన్న ఆ ఉపగ్రహం 2014 దాకా మన హామ్‌లకు సేవ చేసింది. శ్రీహరికోట ఇప్పుడు మా తిరుపతి జిల్లాలోనే ఉంది కదా సార్ అంటే ఆయన ముఖం వెలిగిపోయింది.

అమ్మకానికి ఉన్నవి రెండు సెట్లు. ఒకటి ఐకామ్ ఐసీ-718, ఇంకొకటి ఈ కెన్‌వుడ్. న్యాయంగా చెప్పాలంటే ఐకామ్‌నే కొనమని ఎవరైనా అంటారు, పెద్దాయన కూడా అదే అన్నారు. నాలుగు కిలోలు కూడా ఉండదు. 13.8 వోల్టుల మీద నడుస్తుంది కాబట్టి తుఫాను రోజుల్లో కరెంటు పోయినా కారు బ్యాటరీ ఉంటే చాలు. అంకెలు నొక్కితే ఫ్రీక్వెన్సీ వస్తుంది. 1979లో జెనీవాలో జరిగిన ప్రపంచ రేడియో సమావేశం హామ్‌లకు కొత్తగా ఇచ్చిన 10, 18, 24 మెగాహెర్ట్జ్ బ్యాండ్లు అందులో ఉన్నాయి. అంతకు ముందే రూపు దిద్దుకున్న కెన్‌వుడ్‌లో అవి లేవు. ఇది 16 కిలోలు, బ్యాండు మార్చినప్పుడల్లా చేత్తో ట్యూన్ చేయాలి. ఇవన్నీ తెలిసీ నేను దీని ముందు కూర్చున్నాను.

మూత తీద్దామని చెయ్యి పెట్టబోతే ఆయన వారించారు. "మూత తెరిచేదానికి ముందు వినమ్మా. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే బండి సంగతి తెలిసేది."

నిజమే. వేడెక్కిన సెట్టు తన లోపాలను చాలా వరకు దాచుకుంటుంది. నేను వస్తున్నానని తెలిసినా ఆయన దాన్ని ముందుగా ఆన్ చేసి పెట్టలేదు, ఆ ఒక్క విషయానికే నాకు సగం నమ్మకం కుదిరింది. ఆన్ చేసి, కాలిబ్రేటర్ మీట వేశాము. అది ప్రతి 25 కిలోహెర్ట్జ్‌కు ఒక సన్నని ఈల వినిపిస్తుంది. డయలు తిప్పి ఆ ఈలను వినీవినిపించనంత కిందికి దించి, చేయి తీసేసి ఊరికే కూర్చున్నాము. సెట్టు వేడెక్కేకొద్దీ ఈల మెల్లగా పైకి లేచింది. పది నిమిషాలకు దాని పరుగు తగ్గింది, అరగంటకు నిలకడగా ఒకే చోట ఆగింది. ఈ వయసు సెట్టుకు అది మంచి నడత. ఈలోపు పెద్దాయన ఇల్లాలు మజ్జిగ తెచ్చి ఇచ్చి, ఈ పెట్టె ఇంట్లోంచి పోతుంటే తనకు కూడా ఏదోలా ఉందని అన్నారు.

తర్వాత బ్యాండ్ స్విచ్‌ను ఒక్కొక్క మెట్టే తిప్పి చూశాను. మురికి పట్టిన స్విచ్ అయితే తిప్పినప్పుడు బరబరమని, కొంచెం కదిపితే గొంతు పోయి మళ్లీ వస్తుంది. ఇది టక్కు టక్కుమని పడింది, ప్రతి మెట్టు దగ్గరా డ్రైవ్ మీట తిప్పుతుంటే ఒకచోట గాలిలోని రొద ఒక్కసారిగా ఉబికి వచ్చింది. అలా ఉబికిందంటే వినే భాగంలోని కాయిళ్లు సరిగ్గా పలుకుతున్నట్టు. ఏరియల్ బదులు శక్తిని తనలోనే పీల్చుకునే డమ్మీ లోడ్ తగిలించి ప్రసారం కూడా బ్యాండు బ్యాండుకూ చూశాము, నాలుగేళ్ల కిందట నేను చేయని పని అదే. ప్లేట్ మీటను నెమ్మదిగా తిప్పుతుంటే మీటరు ముల్లు ఒక చోట గభాలున కిందికి జారి మళ్లీ లేస్తుంది. ఆ జారిన చోటే అనునాదం. పుస్తకంలో బొమ్మ గీసి క్లాసులో ఎన్నోసార్లు చెప్పిన పాఠం, ఒక మీటా ఒక ముల్లూ ఇంత తేటగా చెబుతుంటే చూడడం నాకు ఎప్పటికీ విసుగు రాదు.

అప్పుడు ప్లగ్గు పీకి, కాసేపు ఆగి, మూత తీశాము. ఇలాంటి సెట్లలో వాల్వుల లోపలి ప్లేట్లకు 800 వోల్టులకు దగ్గరగా వెళ్తుంది, కెపాసిటర్లు ప్లగ్గు పీకిన తర్వాత కూడా ఆ కరెంటును పట్టి ఉంచుకోగలవు. పెద్దాయన కర్ర పిడి ఉన్న స్క్రూడ్రైవరుతో దాన్ని ఛాసిస్‌కు దించి చూపిస్తే గానీ నన్ను చెయ్యి పెట్టనివ్వలేదు. మరల తలలు కొత్తవాటిలా పదునుగా ఉన్నాయి. తెరిచిన ప్రతిసారీ సరైన స్క్రూడ్రైవరునే వాడారన్న మాట. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ముక్కు పెట్టి చూశాను, కాలిన వాసన లేదు. జపానులో వాడుకోవడానికి తయారైన సెట్లు 100 వోల్టులకు చుట్టి ఉంటాయి, చూడకుండా మన 230 ప్లగ్గులో పెడితే అంతటితో సరి. అందుకని వెనుక వోల్టేజీ తీగలు ఎలా కలిపారో కూడా చూశాను, సరిగ్గానే ఉంది. ఆఖరి దశలోని రెండు వాల్వులూ అసలు వచ్చిన ఎస్2001ఏలు కావు, వాటి బదులు 6146బీలు ఉన్నాయి.

ఎప్పుడు మార్చారు సార్ అని అడిగితే ఆయన జవాబు చెప్పకుండా బీరువాలోంచి ఒక పొడుగాటి నోటు పుస్తకం తీసి చేతిలో పెట్టారు.

ఈ సెట్టు నేను కొనడానికి కారణం ఆ పుస్తకమే. ప్రతి పేజీలో గీతలు కొట్టి, ఒక్కొక్క బ్యాండుకు డ్రైవ్, ప్లేట్, లోడ్ మీటలు ఎక్కడ నిలిచాయో తేదీలతో సహా పెన్సిలుతో రాసి ఉంది. వాల్వులు మార్చిన రోజున పాత అంకెల పక్కన కొత్త అంకెలు, కొత్త వాల్వులకు న్యూట్రలైజేషన్, అంటే వాల్వు తనంతట తానే సంకేతం పుట్టించకుండా చేసే సర్దుబాటు, మళ్లీ సరిచేసిన వైనం, కొన్న ధరతో సహా ఉన్నాయి. ఒకచోట "ఈ రోజు రొద ఎక్కువ, తప్పు సెట్టుది కాదు, ఎదురింటి ట్యూబులైటుది" అని ఉంది. తప్పును ముందు తన సెట్టులో వెతికి, లేదని తేల్చుకున్న తర్వాతే బయట వెతికిన మనిషి చేతిరాత అది. మొదటి సెట్టును అమ్మినవారు మూత మీది మెరుపును నాకు అమ్మారు, ఈయన ఇన్నేళ్ల శ్రద్ధను పెన్సిలు గీతలతో సహా అప్పగిస్తున్నారు.

ఇంకొక కారణం కూడా ఉంది. ఏరియల్ కొంచెం సరిపడకపోయినా వాల్వుల సెట్టు ప్లేట్, లోడ్ మీటలతో సర్దుకుపోతుంది. అదే చోట ట్రాన్సిస్టర్ సెట్టు తనను తాను కాపాడుకోవడానికి శక్తి తగ్గించేస్తుంది. నేర్చుకునేవారికి ఆ సర్దుబాటు కళ్లముందు జరగాలి. మా పిల్లలకు దీన్ని చూపిస్తే ప్రతి దశనూ వేలు పెట్టి చెప్పగలను, ఐకామ్ లోపలి చిప్పుల మీద వేలు పెట్టి ఏమీ చెప్పలేను.

14 వేలకు బేరం కుదిరింది. నేను తగ్గించమని అడగలేదు. లైసెన్సుతో వచ్చే గుర్తింపు పేర్లయిన ఇద్దరి కాల్‌సైన్లూ, సెట్టు సీరియల్ నంబరూ రాసి కాగితం మీద సంతకాలు చేసుకున్నాము. బయలుదేరే ముందు 7 మెగాహెర్ట్జ్ మీద ఒక్కసారి పిలిచి చూడమన్నారు. నా కాల్‌సైన్ చెప్పి సీక్యూ అన్నాను, వింటున్నవారు ఎవరైనా పలకండి అని దాని అర్థం. కోయంబత్తూరు నుంచి ఒకరు పలికి, మీ గొంతు నిండుగా ఉంది, ఏ సెట్టు అని అడిగారు. మైకు పెద్దాయన చేతికి ఇచ్చాను. ఆయన తన కాల్‌సైన్ చెప్పి, "నాదే. ఈ రోజు నుంచి ఈ అమ్మాయిది" అన్నారు.

రాగిసంగటి, ఊరిబిండి పెట్టి గానీ పంపలేదు. ప్రయాణంలో దెబ్బ తగలకుండా 6146బీలు రెండింటినీ ఊడదీసి, పైన ప్లేటు టోపీలు తీసి, దూదిలో చుట్టి నా హ్యాండ్‌బ్యాగులో పెట్టారు. సెట్టును దుప్పటిలో చుట్టి బస్సులో కిటికీ పక్క సీటు మీద పెట్టి, దానికి కూడా టిక్కెట్టు తీసుకున్నాము. మా ఆయన తిరుపతి దాకా దాని మీద చెయ్యి వేసే కూర్చున్నారు.

ఇంటికి వచ్చి వాల్వులు బిగించేసరికి ఆరున్నర. హీటరు వేసి, ఆయన పుస్తకంలో 7 మెగాహెర్ట్జ్‌కు రాసిన అంకెల దగ్గర మీటలు పెట్టి, ముల్లు జారిపోయే చోటు కోసం తిప్పాను. పగలంతా అయనావరణపు కింది పొరలో ఇంకిపోయే దూరపు సంకేతాలు చీకటిపడగానే విడుదలై వచ్చినట్టు, ఎనిమిదింటికి ఇండోనేషియా గొంతులు ఒకదాని మీద ఒకటి వినిపించాయి. వాటి కింద, బ్యాండు మొదట్లో, జపాను నుంచి ఎవరో ఎంతో తీరుగా మోర్స్ పంపుతున్నారు. కాల్‌సైన్ పూర్తిగా దొరికేదాకా హెడ్‌ఫోను తీయలేదు. ఈ సెట్టు పుట్టిన దేశపు సంకేతం దీనిలోనే వినడం నాకు చెప్పలేనంత సంతోషంగా ఉంది.

తొమ్మిదింటికి పెద్దాయన ఫోను చేశారు. క్షేమంగా చేరిందా అని అడగలేదు, "లోడ్ యాడ నిలిచిందమ్మా?" అని అడిగారు. చెప్పాను. పుస్తకంలోని అంకెకు అంత దూరంగా ఎందుకుందని, ఏరియల్ సెట్టుకు ఎంత సరిపడిందో చెప్పే ఎస్‌డబ్ల్యూఆర్ ఎక్కడ తక్కువ ఉందో చూడమన్నారు. చూస్తే 7.1లో ఉండవలసింది 7.2 దగ్గర ఉంది. అప్పుడు గుర్తుకు వచ్చింది. గత నెల గాలివానకు కొబ్బరిమట్ట పడి నా డైపోల్ ఏరియల్ తీగ తెగితే, రెండు కొసలూ కలిపి ముడివేసి కట్టేశాను. ఆ ముడిలో పోయిన పొడవును లెక్కలోకి తీసుకోలేదు. 20 మీటర్ల తీగలో 28 సెంటీమీటర్లు తక్కువ. రేపు కాలేజీకి వెళ్లేలోపు మిద్దె ఎక్కి, ఒక్కొక్క వైపు 14 సెంటీమీటర్లు అతికించాలి.