నాలుగింటికి లేచింది ఎవరు?

“జోర్డాన్ అందరినీ తిట్టాడు, ఆరు ఛాంపియన్‌షిప్‌లు వచ్చాయి. నువ్వు నన్ను తిడితే ఏం వచ్చింది, నాన్నా?”

విజయనగరంలో మా అమ్మ ఇంటి ముందుగదిలో మా పదమూడేళ్ల వాడు ఈ మాట అన్నప్పుడు నాకు జవాబు తోచలేదు. కోపం రాలేదని చెప్పను. అయితే మాట మొత్తం తెలుగులో, తడుముకోకుండా అన్నాడన్న సంతోషం ఆ కోపాన్ని కొంత మింగేసింది.

పోయిన చలికాలం న్యూజెర్సీలో వాడికి బడి బాస్కెట్‌బాల్ మొదటి జట్టులో చోటు దొరకలేదు, రెండో జట్టులో వేశారు. ఈ ఏడాది ఎంపికలకే వెళ్లనని భీష్మించుకున్నాడు. పట్టుదల గురించి నా నోటితో చెబితే వినడు గనుక, సెలవులకు ఇక్కడికి వచ్చాక బాస్కెట్‌బాల్ దిగ్గజం మైఖేల్ జోర్డాన్ నోటితో వినిపిద్దామని ‘ది లాస్ట్ డాన్స్’ పెట్టాను. 2020లో వచ్చినప్పుడే నేను చూసిన ఈ పది భాగాల డాక్యుమెంటరీ, చికాగో బుల్స్ జట్టు 1997-98 సీజన్‌ను నడుమ పెట్టుకుని, ముందుకూ వెనక్కూ నడుస్తూ జోర్డాన్ జీవితాన్ని చెబుతుంది. అతన్ని కూడా పదో తరగతిలో పెద్ద జట్టులోకి తీసుకోకుండా చిన్న జట్టులోనే ఉంచారు. నాకు కావలసిన పాఠం అదే.

వాడికి పట్టింది వేరు. సాధనలో జోర్డాన్ తోటి ఆటగాడు స్టీవ్ కెర్‌ను ముఖం మీద గుద్దిన వైనం, స్కాట్ బరెల్‌ను పదే పదే ఆడిపోసుకున్న దృశ్యాలు వాడు మరచిపోలేదు. ఏడో భాగం చివర, గెలుపు కోసం తోటివాళ్లను అంతగా తోమడం గురించి మాట్లాడుతూ జోర్డాన్ కళ్లనీళ్లు పెట్టుకుని చిత్రీకరణ ఆపించినప్పుడు నాకు గొంతు పట్టేసింది. వాడు మాత్రం, “సారీ చెప్పలేదుగా” అన్నాడు.

డాక్యుమెంటరీగా దీని పనితనాన్ని తక్కువ చేయలేను. 1998 జూన్ 14న యూటా జట్టు మీద, 5.2 సెకన్లు మిగిలి ఉండగా జోర్డాన్ వేసిన బంతి వల్ల 87-86తో బుల్స్ గెలిచిందని, ఆ రోజు అతనొక్కడే 45 పాయింట్లు చేశాడని ముందే తెలిసి కూడా, మొదటిసారి చూసినప్పుడు నేను కుర్చీలోంచి లేచాను. అయితే ఈ చిత్ర నిర్మాణంలో జోర్డాన్ సొంత సంస్థకు భాగం ఉంది. ఇతరులు అన్న మాటలను అతని చేతికి ట్యాబ్లెట్ ఇచ్చి చూపిస్తారు, అతను నవ్వుతాడు, చివరి మాట అతనిదవుతుంది. దుష్టపాత్ర దక్కిన బుల్స్ జనరల్ మేనేజర్ జెర్రీ క్రౌస్ 2017లోనే పోయాడు; తన తరఫున ఒక్క మాట చెప్పుకోవడానికి లేడు.

ఈ లోపం నాకు 2020లో తట్టలేదు. మొన్న మా అమ్మ వల్ల తట్టింది.

ఆషాఢం కదా, చేటలో మునగాకు దూస్తూ మా పక్కన కూర్చున్న అమ్మకు ఆట ఏమీ పట్టలేదు గానీ, జోర్డాన్ కాలేజీ నుంచి డబ్బులూ స్టాంపులూ పంపమని రాసిన ఉత్తరాన్ని వాళ్లమ్మ చదివే చోట చేయి ఆపింది. “నువ్వూ అలాగే రాసీవోడివి” అంది. సందు దొరికింది గదా అని, లెక్కల్లో తప్పిన నాతో నాన్న నెల రోజులు మాట్లాడని సంగతి, నేను రోజూ నాలుగింటికి లేచి చదివిన సంగతి వాడికి వందోసారి చెప్పాను.

“నువ్వెప్పుడు లేచినావురా? లేపింది నేను. నువ్వు పుస్తకం మీద తలెట్టీసి తొంగునీవోడివి. మీ నాన్నొచ్చి దుప్పటి కప్పీవోరు.”

వాడు నవ్విన నవ్వుకు చేటలో ఆకు చెదిరింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇన్నేళ్లుగా నేను వాడికి చెప్పిన కథలో మా నాన్నకు దుప్పటి లేదు. మౌనమూ కోపమే ఉన్నాయి. నా కష్టం ఎత్తుగా కనబడాలంటే ఎదుట ఒక కఠినుడు ఉండాలి గనుక, కాదనడానికి ఈ లోకంలో లేని మనిషిని అక్కడ నిలబెట్టాను. నిజంగా ఆ దుప్పటి నేను మరచిపోయానా, కావాలనే తీసేశానా అన్నది తేల్చుకోలేకపోతున్నాను.

బుద్ధి వచ్చిందనుకుంటే పొరపాటు. మర్నాడే, ఇలా కాదని, పక్క జిల్లా ఆమదాలవలస ప్రాంతంలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో రెండు విభాగాల్లో కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చిన కథ ఎత్తుకున్నాను. వాడు ఫోన్‌లో చూసి, చివరిసారి 137.5 కిలోలు ఎత్తబోయి ఎత్తలేకపోయిందట కదా, అది చెప్పలేదేం అని అడిగాడు. అదీ నేను కత్తిరించిన ముక్కే.

ఎంపికల మాట ఎత్తనని అమ్మకు మాటిచ్చాను. ఇచ్చిన సాయంత్రమే మూడు లాంతర్ల కూడలి వైపు వెళ్లి బాస్కెట్‌బాల్ ఒకటి కొనుక్కొచ్చి, ఎవరూ అడగకపోయినా మంచం కింద పెట్టాను. వాడు దాన్ని చూశాడు, ముట్టుకోలేదు. మిగిలిన రెండు భాగాలూ మామ్మతో కలిసి చూస్తాడట. నేనూ కూర్చోవచ్చు గానీ, మధ్యలో “చూశావా” అనకూడదట.