క్యారవాన్ ట్రైలర్ హబ్బులు, బ్రేకులు: కోస్తాలో సర్వీసు ఎప్పుడు చేయాలి?

సంక్రాంతి తరువాతి వారం

బండి వెనుక తగిలించి లాగే నా క్యారవాన్ ట్రైలర్ చక్రాలు విప్పి బేరింగులకు కొత్త గ్రీజు పెట్టే పనిని నేను ఏటా సంక్రాంతి దాటగానే మొదలుపెడతాను. అమెరికాలో ట్రైలర్ ఇరుసులకు చెప్పే మామూలు గడువు పన్నెండు నెలలు లేదా 12,000 మైళ్లు, అంటే సుమారు 19,000 కిలోమీటర్లు; రెండింటిలో ఏది ముందు వస్తే అప్పుడు విప్పాలి. నెల్లూరు నుంచి మైపాడుకో సోమశిలకో, సెలవులు కలిసివస్తే ఒంగోలు దాటి కొత్తపట్నం తీరానికో వెళ్లివచ్చే నాలాంటివాడికి ఆ కిలోమీటర్లు ఏడాదిలో పూర్తి కావు కనుక నెలల లెక్కే మిగులుతుంది. ఆ పన్నెండు నెలలు ఎక్కడ ముగియాలన్నది మాత్రం మన వాతావరణమే నిర్ణయించాలని నా అభిప్రాయం. మా నెల్లూరు వైపు వానలు ప్రధానంగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఈశాన్య రుతుపవనాలతో పడతాయి. ఆ వానలు తగ్గి, ఎండలు ఇంకా ముదరని జనవరిలో హబ్బు, అంటే బేరింగులుండే చక్రం నడిభాగం, విప్పితే లోపలికి చేరిన తేమ వేసవి ప్రయాణాలకు ముందే బయటపడుతుంది.

తిరగని బండికి సర్వీసు దేనికని చాలామంది అడుగుతారు. నిజానికి తిరిగే చక్రం కంటే నిలిచిపోయిన చక్రమే బేరింగుకు ఎక్కువ చేటు చేస్తుంది. నెలల తరబడి కదలకపోతే గ్రీజులోని నూనె కిందికి జారి పైభాగపు రోలర్లు పొడిబారతాయి. ఆయిల్ సీలు పెదవి ఒకేచోట అణిగి గట్టిపడుతుంది. పగటి వేడికీ రాత్రి చల్లదనానికీ హబ్బులో చెమ్మ పడుతుంది. సముద్రపు గాలి ఉప్పు దీనికి అదనం.

ఈసారి ఎడమ చక్రం బేరింగు కప్పులో, అంటే రోలర్లు దొర్లే బయటి వలయంలో, ఆ ఫలితం స్పష్టంగా కనిపించింది. డీజిల్‌తో కడిగి, వేస్టు గుడ్డతో తుడిచి వెలుతురులో పట్టుకుంటే, నున్నగా మెరిసే పట్టీ మీద బూడిదరంగు సన్నని అడ్డగీతలు వరుసగా ఉన్నాయి. గీతకూ గీతకూ మధ్య దూరం సరిగ్గా రోలర్ల మధ్య దూరమే. రోలరు ఆనుకున్న చోట తేమ నిలిచి ఉక్కును తినివేసిన గుర్తులవి. గోటితో గీస్తే తగులుతున్నాయి కనుక కోనును, అంటే రోలర్లున్న లోపలి వలయాన్ని, కప్పును రెండింటినీ మార్చాను. గోటికి తగలని మచ్చయితే ఉంచేవాడిని. కొత్త కోనును పాత కప్పులో తిప్పడం మాత్రం పొదుపు అనిపించుకోదు, ఎందుకంటే ఆ రెండూ జతగానే అరుగుతాయి.

నా ఇరుసు 3,500 పౌండ్ల బరువుకు, అంటే సుమారు 1,590 కిలోలకు చేసినది. లోపలి బేరింగు ఎల్68149, బయటిది ఎల్44649. అంకె కోను అంచు మీదే చెక్కి ఉంటుంది, దాన్ని రాసుకొని వెళితే బేరింగుల షాపులో వేరే వివరం అడగరు. గ్రీజు విషయంలోనే పట్టుదల అవసరం. ఊరికే గ్రీజు అని అడిగితే కొన్ని దుకాణాల్లో ట్రాక్టరు ట్రాలీలకు వాడే చాసిస్ గ్రీజు చేతిలో పెడతారు. అది కాల్షియం రకమైతే సుమారు 100 డిగ్రీల దగ్గరే కరిగి జారిపోతుంది; లిథియం రకం సుమారు 180 డిగ్రీల దాకా కరగదు. బ్రేకు డ్రమ్ము హబ్బుతో కలిసే ఉండే ఇలాంటి చక్రానికి రెండవదే తగినది. పాత గ్రీజు ఏ రకమో తెలియనప్పుడు దాని మీదే కొత్తది పూయకుండా పూర్తిగా కడిగివేయాలి, ఎందుకంటే పొసగని రెండు రకాలు కలిస్తే పలచబడి కారిపోతాయి.

గ్రీజు పట్టించడం చేతిపని. అరచేతిలో ముద్ద పెట్టుకొని, బేరింగు వెడల్పు వైపు అంచును అందులో గుచ్చి లాగుతూ, రోలర్ల మధ్య నుంచి పై అంచున గ్రీజు పొంగే దాకా చుట్టూ తిప్పుకుంటూ రావాలి. కడిగిన బేరింగును ఎయిర్ గన్నుతో గిరగిరా తిప్పి ఆరబెట్టే సరదా కొందరికి ఉంది. పంజరం విడిపోతే రోలర్లు ఎగిరి ముఖానికి తగులుతాయి. సీలును ప్రతిసారీ కొత్తదే వేస్తాను. అది పాడైతే గ్రీజు బ్రేకు లైనర్ల మీదికి, అంటే డ్రమ్మును ఒరుసుకునే షూల పైపట్టీల మీదికి పోతుంది, గ్రీజు పీల్చుకున్న లైనరు ఎంత తుడిచినా బాగుపడదు.

నట్టు బిగించేటప్పుడు, ఆటోనగర్‌లో ట్రాక్టర్లు బాగుచేసే మిత్రుడు పక్కన నిలబడి, “అదేందన్నా, నట్టు చేత్తో తిప్పితే తిరగతా ఉండాదే!” అని అభ్యంతరం చెప్పాడు. ఈ ఇరుసుకు అదే సరైన పద్ధతి. చక్రాన్ని తిప్పుతూ నట్టును సుమారు 68 న్యూటన్ మీటర్ల దాకా బిగించి, బేరింగులు కుదురుకున్నాక చక్రం కదపకుండా నట్టు వదులు చేసి, మళ్లీ వేళ్లతో ఆనేంత మాత్రమే తిప్పి స్ప్లిట్ పిన్ను వేయాలి. కొద్దిపాటి ప్లే, అంటే చక్రం ఇరుసు మీద లోపలికీ బయటికీ కదిలే సందు, 0.025 నుంచి 0.25 మిల్లీమీటర్ల దాకా ఉండాలి. పానాతో బిగించి వదిలేస్తే వేడెక్కిన ఉక్కు వ్యాకోచించడానికి చోటుండదు, బేరింగు నీలం రంగుకు తిరుగుతుంది.

ఫిబ్రవరి

బ్రేకుల గడువు వేరు. కొత్త షూలు వేశాక మొదటి 200 మైళ్లకు, అంటే 320 కిలోమీటర్లకు ఒకసారి, ఆపైన ప్రతి 3,000 మైళ్లకు, అంటే దాదాపు 4,800 కిలోమీటర్లకు ఒకసారి సర్దుబాటు చేయాలి. బ్యాక్ ప్లేటు వెనుక సందులోంచి స్టారు చక్రాన్ని, అంటే షూలను డ్రమ్ముకు దగ్గర చేసే పళ్ల చక్రాన్ని, తిప్పి, చక్రం చేతికి లొంగనంత బిగించి, తరువాత లైనరు సన్నగా రాసుకునే చప్పుడు మాత్రం మిగిలేలా వెనక్కి తిప్పాలి. లైనరు మందం 1.6 మిల్లీమీటర్లకు దిగితే మార్చవలసిందే, అదీ ఇరుసుకు రెండు వైపులా కలిపి.

నావి కరెంటు బ్రేకులు. మాగ్నెట్టు డ్రమ్ము లోపలి ముఖాన్ని అంటుకొని దానితోపాటు జరుగుతూ లివరును లాగితే షూలు విచ్చుకుంటాయి. ఆ ముఖం మీద ఉప్పుగాలికి పలుచని తుప్పు పట్టి ఉంది, ఎమరీ పేపరుతో తీశాను. ఎక్కువ రోజులు నిలిచిన ట్రైలర్ మొదటి బ్రేకుకు ఒక్కసారిగా గుంజడానికి తరచుగా కారణం ఇదే. మల్టీమీటరు పెడితే 10 అంగుళాల బ్రేకు మాగ్నెట్టు మూడు ఓమ్‌లు దాటి కొద్దిగా చూపాలి. బాగా తక్కువ చూపితే మాగ్నెట్టు తీగచుట్ట లోపల షార్టు ఉన్నట్లు, ఏమీ చూపకపోతే తీగ తెగినట్లు. ట్రైలర్ ఊడిపోతే దానంతట అదే బ్రేకు పట్టే బ్రేక్‌అవే స్విచ్చు పిన్నును కూడా లాగి చూసి, బ్యాటరీ దిగిపోకుండా వెంటనే పెట్టేశాను.

మార్చి

ఖాళీ రోడ్డు మీద గంటకు 40 కిలోమీటర్ల వేగంలో కంట్రోలరు గెయిను, అంటే ట్రైలర్ బ్రేకులకు వెళ్లే కరెంటు మోతాదు, సరిచేసుకున్నాను. చక్రాలు బిగుసుకుపోయే దాకా పెంచి, అక్కడి నుంచి కొంచెం తగ్గించి ఉంచడమే దాని పద్ధతి. తరువాత జాతీయ రహదారి 16 మీద కావలి, సింగరాయకొండ మీదుగా ఒంగోలు వెళ్లాను. ఆగిన ప్రతిచోటా ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో రెండు హబ్బులనూ కొలిచాను. ఇంత వేడి ఉండాలని ఒక అంకెను పట్టుకోవడం కంటే కుడి ఎడమలను పోల్చడం ఉపయోగకరం. మధ్యాహ్నం ఉత్తరానికి వెళుతుంటే పడమటి ఎండ ఎడమ చక్రం మీదే పడుతుంది కనుక ఆ వైపు కొద్దిగా ఎక్కువ చూపితే కంగారు పడనక్కరలేదు. తిరుగు ప్రయాణం పొద్దున్నే పెట్టుకొని నీడలో కొలిస్తే రెండూ దాదాపు సమానంగానే వచ్చాయి.

దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కే ముందు, అంటే వేసవి సెలవుల్లో, స్టారు చక్రాలను మరొకసారి సరిచూస్తాను. దిగేటప్పుడు తక్కువ గేరులో ఇంజిను పట్టునే నమ్ముకొని, బ్రేకును మధ్యమధ్య గట్టిగా తొక్కి వదలాలి. అదేపనిగా ఆనించి ఉంచితే డ్రమ్ము వేడికి పట్టు సన్నగిల్లుతుంది. హబ్బు మునిగేంత నీటిలో ట్రైలర్‌ను దింపవలసివస్తే జనవరి దాకా ఆగను. వేడెక్కిన హబ్బు నీటిలో చల్లబడగానే లోపలి గాలి కుంచించుకుపోయి సీలు పక్కనుంచి నీటిని లోపలికి లాక్కుంటుంది. అలాంటప్పుడు ఆ వారంలోనే విప్పాలి. అందుకే ఒక జత బేరింగులు, రెండు సీళ్లు, స్ప్లిట్ పిన్నులు, ఒక చిన్న డబ్బా లిథియం గ్రీజు స్టెప్నీ పక్కన పెట్టెలో ఎప్పుడూ ఉంచుతాను.