ముందు కాలు ఆనించడం లేదు

పొద్దున చూసేసరికి మా పోనీ (పొట్టి జాతి గుర్రం) కుడి ముందుకాలు పైకెత్తే నిలబడి ఉంది. నిన్న సాయంత్రం బాగానే తిరిగింది. ఇంత హఠాత్తుగా కుంటితే, మొదటిసారి పెంచేవాళ్లకి ఎముక విరిగిందేమో అని గుండె జారిపోతుంది. చాలాసార్లు దానికి కారణం గిట్టలో చీము చేరడమే.

గిట్ట మీద అరచెయ్యి పెట్టి రెండోదానితో పోల్చండి, వేడి తేడా తెలుస్తుంది. గిట్టకి పైనున్న కీలు వెనక రెండు పక్కలా వేళ్లు ఆనిస్తే నాడి గట్టిగా కొట్టుకుంటుంది. మామూలప్పుడు అది దొరకడమే కష్టం. అందుకే బాగున్న రోజుల్లోనే పట్టి చూడడం అలవాటు చేసుకోవాలి.

అడుగున మేకు కనబడితే, డాక్టర్‌కి ఫోన్ చెయ్యకుండా పీకకండి. ఎంత లోతుకి దిగిందో ఎక్స్‌రేలో తెలియాలంటే అది అక్కడే ఉండాలి. ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించారో కూడా చెప్పండి.

చీము బయటికి పోయేలా డాక్టర్ దారి చేశాక కట్టు కట్టడం మన పని. తడిపిన పౌల్టీస్ (చీముని లాగే మందు పట్టీ), పైన పిల్లల డైపర్, ఆపైన డక్ట్ టేప్. టేప్ గిట్ట దాటి వెంట్రుకలున్న చర్మం మీదికి బిగిస్తే రక్తప్రసరణ దెబ్బతింటుంది. రోజూ మార్చాలి, గిట్ట మెత్తబడిపోతోందేమో చూస్తుండాలి.

నొప్పి మందు సొంతంగా వెయ్యొద్దు, కుంటు కనబడకుండా పోతుంది.

రెండు ముందుగిట్టలూ వేడెక్కి, బరువంతా వెనక్కి వేసి నిలబడితే మాత్రం అది లామినైటిస్ (గిట్ట లోపలి పొరల వాపు) కావచ్చు. పోనీలకి ఎక్కువే వస్తుంది. నడిపించకండి, వెంటనే డాక్టర్‌ని పిలవండి.