అమ్మ పిత్తాశయం ఎందుకు తీయించామంటే

విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానోత్సవం నాటి రాత్రి, చుట్టాలతో కలిసి మాంసం కూరతో భోంచేసిన రెండు గంటలకు, మా అమ్మకు కుడివైపు పక్కటెముకల కింద మొదలైన నొప్పి కుడి భుజం వెనక్కి పాకింది. గ్యాస్ అనుకుని జీలకర్ర నీళ్లు ఇచ్చాం. మేం చూపించుకున్న డాక్టరు కూడా స్కానింగ్ రాయకుండా నాలుగు నెలల పాటు గ్యాస్ మాత్రలే ఇచ్చారు. ఆ నాలుగు నెలలను తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

చివరికి స్కానింగ్‌లో పిత్తాశయం నిండా రాళ్లున్నాయని, దాని గోడ కూడా మందంగా మారిందని తేలింది. రాళ్లనగానే ఇంటికొచ్చిన వాళ్లందరూ అరటి దవ్వ రసం, ఉలవచారు తాగించమన్నారు. మూత్రపిండాల్లోని చిన్న రాయి మూత్రంతో పాటు పడిపోవచ్చు గానీ, పిత్తాశయానికీ మూత్రనాళానికీ అసలు సంబంధమే లేదు కనుక, ఎన్ని నీళ్లు తాగినా ఈ రాళ్లు ఆ దారిన రావు.

కాలేయం తయారుచేసే పైత్యరసాన్ని నిలవచేసి చిక్కబరిచే చిన్న సంచి పిత్తాశయం; అందులో పట్టేది 30 నుంచి 50 మిల్లీలీటర్లు. కొవ్వు పదార్థాలు తిన్నప్పుడు అది ముడుచుకుని రసాన్ని పేగులోకి వదులుతుంది. రసంలో కొలెస్ట్రాల్ ఎక్కువైనా, సంచి సరిగా ఖాళీ కాకపోయినా రాళ్లు కడతాయి. సంచి ముడుచుకునే వేళ రాయి దాని మెడ దగ్గర అడ్డుపడితే నొప్పి వస్తుంది. అదే రాయి జారి పైత్యనాళంలో ఇరుక్కుంటే కామెర్లు రావచ్చు, క్లోమం వాచి ప్రాణం మీదికీ రావచ్చు.

"రాళ్లు మాత్రం తీసేసి సంచిని ఉంచకూడదా?" అని సర్జన్ గారిని అడిగాను. రాళ్లు కట్టిన సంచి మళ్లీ రాళ్లు కడుతుందని, అందుకే మొత్తం తీసేస్తారని ఆయన ఓపికగా చెప్పారు. ఏ బాధా పెట్టని రాళ్లకు చాలామందిలో ఆపరేషన్ అవసరం ఉండదని కూడా ఆయనే అన్నారు. ఆ మాటతోనే నాకు ఆయన మీద గురి కుదిరింది.

1882లో బెర్లిన్‌లో కార్ల్ లాంగెన్‌బుక్ మొదటిసారి పొట్ట కోసి పిత్తాశయాన్ని తీశారు. 1985లో జర్మనీలోనే ఎరిక్ మ్యూహె కెమెరా గొట్టం సాయంతో తీశారు. అమ్మకు నాలుగు చిన్న రంధ్రాలతోనే అయిపోయింది. మర్నాడు మళ్లీ భుజం నొప్పి అనేసరికి నా గుండె జారిపోయింది గానీ, ఆపరేషన్ కోసం పొట్టలోకి నింపిన కార్బన్ డయాక్సైడ్ వల్ల అలా ఉంటుందని నర్సమ్మ చెప్పారు. రెండు రోజుల్లో తగ్గింది.

సీసాలో వేసి ఇచ్చిన రాళ్లను వెలుగులో పెట్టి చూశాను. శనగగింజలంత ఉన్నాయి, పసుపు గోధుమ రంగులో, ఒకదానికొకటి ఒరుసుకుని పలకలు తేలి నున్నగా ఉన్నాయి. అమ్మ వాటిని చూడకుండా, "సంచి లేకపోతే నాకు తిన్నది ఎలా అరుగుతుంది బాబూ?" అని సర్జన్ గారిని అడిగింది. పైత్యరసాన్ని చేసేది కాలేయమే కనుక అది ఇకమీదట నేరుగా పేగులోకే కొద్దికొద్దిగా దిగుతుందని, కొన్ని వారాలు నూనె తగ్గించి తినమని ఆయన చెప్పాక, ఆ సాయంత్రం రెండు ఇడ్లీలు తింది.