ర్యాంపుకు అడ్డంగా నిలిపిన ఆ కారు మాది కాదు

కూకట్‌పల్లిలోని ఒక ఆసుపత్రి ర్యాంపుకు అడ్డంగా కారు నిలిపామంటూ మా పేరిట వచ్చిన భారీ చలానాపై నేను అభ్యంతరం తెలిపాను. ఫొటోలోని కారు రంగు వేరు, నంబరులో ఒక అంకె కూడా వేరు కాబట్టి, మా ఆర్‌సీ నకలు జతచేసి ఫిర్యాదు పంపాను. అయితే మా చలానాను రద్దు చేస్తే చాలదని, అసలు యజమానికి దానిని తప్పక పంపాలని కూడా రాశాను.

మా అమ్మగారు వీల్‌చైర్‌లోనే బయటకు వస్తారు. అడుగు ఎత్తు ఎక్కడానికి కనీసం పన్నెండు అడుగుల వాలు ఉండాలన్నది ర్యాంపుల ప్రమాణం. అంత శ్రద్ధగా కట్టిన దారి మొదట్లోనే ఎవరో కారు ఆపితే, ఆమెను కుర్చీతో సహా నలుగురు మోయవలసి వస్తుంది, ఆ క్షణంలో ఆమె ముఖం చూడడం నాకు చాలా కష్టం. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చింది. ప్రవేశ సౌకర్యాల ప్రమాణాలలో కొన్నింటినైనా తప్పనిసరి చేయాలని సుప్రీంకోర్టు 2024 నవంబరులో స్పష్టంగా చెప్పింది. అందుకే ఆ జరిమానా మొత్తం ఎక్కువని నేను ఎక్కడా వాదించలేదు.

మా చలానా నిన్న రద్దయింది. ఆ రెండో కారు సంగతి ఏమైందో తెలియజేయమని మళ్లీ రాశాను.